ఇతర పత్రికలలో మన సంఘపు మాట

మూడేండ్ల క్రిందట పుష్యమాసమున మన సంఘపు గిడ్డంగిలో బెల్లపు దిమ్మలు కప్పు నంటునట్లు పేర్చి యుండెను. ఆ బెల్లములో హైడ్రోసు వేయలేదు. రసము కాగునపుడు బెండకాడల జిగురు పోసి, మడ్డి తేలినకొలది దేవి, పాకమును దించిరి. రుచి చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. కాని రంగు ముదురుగా నున్నదని వర్తకులు కిలోకు ఆరు రూపాయలు తగ్గించి యడిగిరి. ఆ ధరకు అమ్మినచో నరకుడు కూలియు వంట కూలియు గిట్టవు. అప్పు వాయిదా చూడగా మాఘమాసమున నున్నది.

అప్పుడొక పెద్దరైతు మాతో, "బాబూ, మన బెల్లము సంగతి లోకానికి తెలియదు. మీరు మన పత్రికలో గట్టిగా వ్రాయండి" అని చెప్పిరి. మేము వ్రాసితిమి. రెండు నెలలు వరుసగా, రెండేసి పుటలు వ్రాసితిమి. హైడ్రోసు వలన పసుపువన్నె యెట్లు వచ్చునో, కొన్నాళ్లు నిలువయున్న పిమ్మట ఆ వన్నె యెట్లు మాసిపోవునో వివరించితిమి. ఒక్క దిమ్మయైనను అదనముగా కదలలేదు. ఆ యేటి సరకును సంఘము తక్కువ ధరకే వదలుకొనవలసి వచ్చెను.

తరువాత నెమ్మదిగా ఆలోచింపగా మా పొరపాటు మాకు తెలిసినది. ఈ పత్రికను చదువువారు మన సభ్యులే. వారి యిండ్లలో బెల్లమునకు కొదువ లేదు. బెల్లము వండువారికే బెల్లమును గూర్చి రెండు నెలలు పాఠము చెప్పితిమి. కొనవలసిన యిల్లాలికిని, మిఠాయి కొట్టువానికిని ఆ మాట చేరనే లేదు. ఆమె మన పత్రికను చదువదు. చదువవలసిన పనియు ఆమెకు లేదు. ఆమె చదువు పత్రికకు మనమే పోవలెను. ఎట్లు పోవలెనో, ఏ గుమ్మము ముందు నిలువవలెనో చెప్పుటకే ఈ వ్యాసము.

సరకు గలవారు తామే పత్రిక పెట్టుకొనుట మన దేశమున క్రొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించిరి. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. స్త్రీల మందు 'లోధ్ర'ను తయారుచేసిన కేసరిగారు 1928లో మదరాసునుండి గృహలక్ష్మి మాసపత్రికను నడపిరి. వారికి అంత శక్తి యుండెను. అయితే నాగేశ్వరరావుగారు తొలుత చేసిన పని మనవంటివారికి ఎక్కువ పనికివచ్చును. వారు సంగీత కచేరీలకు పోయి, వినవచ్చినవారికి అమృతాంజనమును ఉచితముగా పంచిపెట్టిరి. సభ ఇతరులది, వారక్కడ అతిథి. గంటల తరబడి కచేరీ వినినవారికి తలనొప్పి మందు పంచుటలో ఎంత తెలివి యున్నదో చదువరులే గ్రహింపగలరు.

మనకు ఏ సభలో చోటు దొరకును? దీనికి మేము కనుగొనిన తోవ మిక్కిలి సులభమైనది. సంతలో మన బెల్లము కొనినవారినే అడిగితిమి. "అమ్మా, మీ యింటికి ఏ పత్రిక వచ్చును? అందులో ముందుగా ఏ పుట చదువుదురు? రేడియో ఎప్పుడు వినుదురు?" అని ఇరువదిమందిని అడుగుటకు ఒక పూట చాలినది. వ్యవసాయ పత్రికను చదువుదుమని ఒక్కరును చెప్పలేదు. కొందరు దినపత్రికలోని స్త్రీల పుట యనిరి. కొందరు ఆదివారపు అనుబంధ మనిరి. ఒక పంతులమ్మగారు ఉపాధ్యాయ సంఘమువారి మాసపత్రిక యనిరి. మిఠాయి కొట్టు యజమాని తాను చదువుటకు తీరిక లేదనియు, తెల్లవారుజామున పొయ్యి వెలిగించినది మొదలు రేడియో మ్రోగుచునే యుండుననియు చెప్పెను. ఈ సమాధానములను ఒక కాగితముపై వ్రాసికొనగా, ఎక్కడికి పోవలెనో దానంతట అదే తేలినది.

పిమ్మట శాఖా గ్రంథాలయమునకు పోయి, ఆ పత్రికల ఏడాది సంచికలను ముందు పెట్టుకొని కూర్చుంటిమి. ఇది విసుగు పుట్టించు పనియే. కాని దీనిని వదలినవారికి తపాలా ఖర్చు తప్ప మరేమియు మిగులదు. ప్రతి సంచికలోను బయటివారి వ్యాసములు ఎన్ని యున్నవో చూడవలెను. అన్నియు కార్యాలయమువారే వ్రాయుచున్నచో ఆ తలుపు మూసియున్నదని యెంచి మరొక యింటికి పోవలెను. బయటివారికి చోటిచ్చుచున్నచో, వ్యాసము ఎన్ని పంక్తులు, బొమ్మ యున్నదా, వ్రాసినవారి ఊరును చిరునామాయు క్రింద వేయుదురా అని గమనింపవలెను. చిరునామా వేయని పత్రిక ఎంత పెద్దదైనను మన పనికి అంతగా అక్కరకు రాదు. వ్యాసములు పంపుడని కోరు ప్రకటన తరచుగా విషయసూచిక క్రింద చిన్న అక్షరములలో నుండును. సంపాదకుని పేరునకు వెదకనక్కరలేదు. పత్రికపై బాధ్యుల పేళ్లు అచ్చువేయు మర్యాద 1867 నాటి ముద్రణ చట్టమునుండి వచ్చుచున్నది. సామాన్యముగా అది కడపటి పుట అడుగున నుండును. ఆ పేరుతోనే ఉత్తరము వ్రాయవలెను. పేరు తప్పు వ్రాసిన ఉత్తరమును ఎవరు మాత్రము ఆదరముతో చదువుదురు?

రేడియో విషయము కొంత వేరు. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. నాటినుండియు ఎందరో ఊరివారు అందులో మాటలాడిరి. మనవారు రేడియో యనగానే రైతుల కార్యక్రమమునే తలంతురు. బెల్లము అమ్మదలచినవారు స్త్రీల కార్యక్రమమునకు వ్రాయవలెను. విత్తనము గలవారు రైతుల కార్యక్రమమునకు వ్రాయవలెను. చెప్పబోవు విషయమును ఒక పుటలో సంగ్రహించి పంపినచో వారికి నిర్ణయము సులభమగును.

సోదర సంఘములను మరువరాదు. ఉద్యోగుల సహకార భాండారములకును, చేనేత సంఘములకును చిన్న పత్రికలుండును. వారి సభ్యులు మనకు కొనుగోలుదారులు. మన సభ్యులు వారికి కొనుగోలుదారులు. వారి వ్యాసమునకు మన పత్రికలో ఒక పుట ఇచ్చి, మన వ్యాసమునకు వారి పత్రికలో ఒక పుట అడుగుట ఉభయులకును గౌరవమే. ఈ విధమున ఒక చేనేత సంఘమువారితో ఏర్పాటు చేసికొంటిమి. వారి దుప్పట్లు మన ఊరిలో ఇప్పుడు చాల యిండ్లలో కనబడుచున్నవి.

ఇక వ్రాయవలసిన దేమి? ఇచ్చట మేము మొదట బోర్ల పడితిమి. మా తొలి వ్యాసము ఆరు పుటలు. ఆరింటను మన సంఘపు పొగడ్తయే. ఒక పత్రిక సంపాదకులు దానిని త్రిప్పి పంపుచు, "ఇది ప్రకటన. ప్రకటనల రేట్లు జతపరచితిమి" అని ఒక్క వాక్యము వ్రాసిరి. మాకు కోపము వచ్చిన మాట నిజమే. వారము దినములు గడచిన పిమ్మట ఆ వ్యాసమును మరల చదువగా, వారు చెప్పినది సబబే యని తోచినది. పొరుగింటికి భోజనమునకు పోయి మన యింటి వంటనే పొగడుకొన్నట్లుండెను.

రెండవ వ్యాసమునకు సరకు సంతలోనే దొరికినది. ఒక యిల్లాలు, "మీ బెల్లము వేస్తే పాయసములో పాలు విరిగినవి" అని తగవు పెట్టుకొనెను. ఏ బెల్లమైనను పాలు మరుగుచుండగా వేసినచో విరుగుట కలదు. గిన్నె దించి, కొంత చల్లారిన పిమ్మట బెల్లము కలిపినచో ఆ భయము తగ్గును. బెల్లమును ముందుగా కొంచెము నీటిలో కరగించి వడగట్టినచో ఇసుకయు నలకలును పోవును. అరిసెల పాకమును చన్నీటిలో వేసి, అది మెత్తని ఉండ కట్టునపుడే పిండి కలుపవలెను. ముదిరినచో అరిసె గట్టిపడును, లేతదైనచో నూనెలో విడిపోవును. ముదురు రంగు బెల్లమంతయు పాతది కాదనియు, చెరకు రకమును బట్టియు, నేలను బట్టియు, వండు విధమును బట్టియు రంగు మారుననియు నడుమ రెండు వాక్యములు చేర్చితిమి. మన సంఘపు పేరు చివర ఒక్క పంక్తిలో మాత్రమే వ్రాసితిమి. ఈ సంగతులలో కొన్ని మా యింటివారు చెప్పినవే; మేము ఒప్పుకొనక తప్పదు. వ్యాసము రెండు పుటలకు మించలేదు. స్త్రీల పుటవారు దానిని స్వీకరించిరి.

కాని స్వీకరించినది ఎప్పుడు? మేము పంపినది మార్గశిరమున. అచ్చయినది ఫాల్గుణమున. అరిసెలు వండు సంక్రాంతి దాటి నెల గడచెను. మాసపత్రికలు, అనుబంధములు చాల ముందుగానే కూర్పబడునను సంగతి మాకు తెలియదు. నాటు వేయు కాలము మనకెట్లో, వ్యాసము పంపు కాలము వారికట్లు. సంక్రాంతికి కావలసినది ఆశ్వయుజమునకే వారి చేతిలో నుండవలెను. మరుసటి యేడు అట్లే పంపగా సమయమునకు వచ్చెను. ఆ తొందరలో ఇంకొక తప్పు చేసితిమి: అదే వ్యాసమును తెలియపరచకయే మరొక పత్రికకును పంపితిమి. ఇద్దరును వేసిరి. ఇద్దరికిని క్షమాపణ వ్రాసికొంటిమి. ఒకరికి పంపినది వారు కాదన్న పిమ్మటనే వేరొకరికి పంపవలెను.

సమయమునకు వచ్చిన ఆ వ్యాసమును చూచి పదునేడు ఉత్తరములు వచ్చినవి. ఫోనులో అడిగినవారు వేరు. ఇంచుమించు అందరును అడిగినది కిలో, రెండు కిలోలు. మనయొద్ద నున్నవన్నియు పది కిలోల దిమ్మలు. చిన్న అచ్చులు చేయించి, కాగితము చుట్టి, పార్సెలు కట్టుటకు మూడు వారములు పట్టినది. ఈలోగా కొందరు విసిగి వేరెచ్చటనో కొనుక్కొనిరి. అతిథిగా పోయి పదిమందిని మన యింటికి పిలిచి, వారు వచ్చుసరికి పొయ్యి వెలిగింపనివాని గతి మాదైనది. ఇప్పుడు చిన్న అచ్చులు ముందుగానే సిద్ధమై యున్నవి.

ఒక సభ్యుడు, మన బెల్లము తినిన మధుమేహము పోవునని వ్రాయుమని మమ్ము తొందరపెట్టెను. బెల్లములో ఎక్కువ భాగము చక్కెరయే. అట్టి మాట అబద్ధమగుటయే గాక, కొన్ని రోగములు నయమగునని ప్రకటించుటను 1954 నాటి చట్టము నిషేధించినది. ఆ పట్టికలో మధుమేహమును ఉన్నది. సాంకేతిక విషయములలో సందేహము కలిగినచో అనకాపల్లి చెరకు పరిశోధన స్థానమువారి నడిగి వ్రాయుట మేలు.

చివర చేర్చు ఆ ఒక్క పంక్తి చిరునామాను చిన్నచూపు చూడరాదు. మహారాష్ట్రములో చంద్రపూరు జిల్లా నాందేడ్ గ్రామపు రైతు దాదాజీ ఖోబ్రాగడేగారు 1980 తరువాతి యేండ్లలో తమ పొలమున వేరుగా నున్న వరి వెన్నులను ఏరి, ఏటేట పెంచి, సన్నని బియ్యపు రకమును సాధించిరి. వర్తకులు దానికి అప్పట్లో పేరుగాంచిన చేతిగడియారపు పేరైన హెచ్చెంటీ అని పెట్టిరి. విత్తనము రాష్ట్రములు దాటి పోయినది. కనుగొనినవాని పేరు వెంట పోలేదు. జాతీయ నవకల్పన సంస్థవారు 2005లో వారిని సత్కరించువరకు బయటివారికి ఆ పేరు తెలియదు. 2018లో వారు గతించిరి. ఇట్టివారిని పేరుతోను ఊరితోను సహా అచ్చువేయుటకే అహమ్మదాబాదునుండి హనీబీ యను పత్రిక వెలువడినది. మనవైపున ఆ పనిని హైదరాబాదులోని పల్లె సృజన సంస్థవారు చేయుచున్నారు. వారు కాలినడకను ఊళ్లు తిరిగి, పనిముట్టు గాని పద్ధతి గాని క్రొత్తగా కనిపెట్టినవారిని వెదకుదురు. మన సభ్యులలో గానుగకు గాని పొయ్యికి గాని మార్పు చేసినవారు లేకపోలేదు. వారు బెల్లపు వ్యాసముతో కాక, ఈ త్రోవన పోవుట మంచిది.

డబ్బు తీసికొని వ్యాసము వేయుదుమనువారును కలరు. అది ప్రకటనయే, పంచాయతీ తీర్మానము లేకుండ సంఘపు సొమ్ము దానికి పెట్టరాదు.

రానున్న సంక్రాంతికి నాలుగు పత్రికల పేళ్లను, ఒక రేడియో కార్యక్రమమును ఎంచి యుంచితిమి. నువ్వులను గూర్చి ఒకరు, తేనెను గూర్చి ఒకరు వ్రాయుటకు ఒప్పుకొనిరి. పసుపు పండించువారిలో ఇంకను ఎవరును ముందుకు రాలేదు. వ్రాయదలచినవారు తమ యింటిలో ఆ సరకును వాడు విధమును తల్లినో, భార్యనో అడిగి, తెలిసిన మాటలలోనే ఒకటి రెండు పుటలు వ్రాసి, భాద్రపద బహుళములోపల సంఘపు కార్యాలయమున ఇయ్యవలెను. అక్షరములు చక్కగా లేకున్నను బాధ లేదు. శుద్ధప్రతి మేము వ్రాసి పెట్టుదుము.