మన సముద్రం తెలియడమే మీ అర్హత

రోజూ ఉదయం 5.30 గంటల కొలత కోసం విశాఖపట్నంలో వాతావరణ శాఖ ఒక బెలూన్ వదులుతుంది. దానికి వేలాడే చిన్న పెట్టె పైకి పోయే కొద్దీ ఉష్ణోగ్రత, తేమ, పీడనం లెక్కలు కిందికి పంపుతుంది. మన 5.30 అంటే గ్రీన్‌విచ్ లెక్కలో సున్నా గంటలు. అదే వేళకు జపాన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ బెలూన్లు లేస్తాయి. ఇంగ్లండ్‌లోని రీడింగ్ కేంద్రంగా పనిచేసే యూరోపియన్ వాతావరణ సంస్థ తన అంచనాలు కట్టేది ఇలా దేశదేశాల నుంచి వచ్చిన కొలతల మీదే.

అంతర్జాతీయ సహకారం అనగానే వీసా, విమానం, పెద్ద విశ్వవిద్యాలయం గుర్తొచ్చే కుర్రవాళ్లకూ అమ్మాయిలకూ ముందుగా ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. వాతావరణ, సముద్ర పరిశోధనల్లో సహకారం రోజువారీ ఉద్యోగంలోనే ఉంది. హైదరాబాద్‌లో ప్రాజెక్టు అసోసియేట్‌గా ఉన్నా, వాల్తేరులో పీహెచ్‌డీ చేస్తున్నా, పుణేలోనో చెన్నైలోనో నమూనాలు నడుపుతున్నా మీరు ఇప్పటికే అందులో ఉన్నారు. మీ పేరు చెబితే అవతలివాళ్లకు మీరు చేసే పని గుర్తురావాలి. ఆ గుర్తింపు సంపాదించడమెలా అన్నదే అసలు ప్రశ్న.

ఆర్గో ఫ్లోట్ల సంగతి తీసుకుందాం. ప్రపంచ సముద్రాల్లో ఇవి నాలుగు వేల దాకా తేలుతున్నాయి. ఒక్కో ఫ్లోట్ వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో కొట్టుకుపోతూ ఉంటుంది. పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కణ్నుంచి ఉష్ణోగ్రత, లవణత కొలుస్తూ పైకొచ్చి, ఉపగ్రహానికి ఆ కొలతలు అప్పగించి మళ్లీ మునుగుతుంది. మన దేశం వదిలిన ఫ్లోట్ల డేటా చూసేది హైదరాబాద్ ప్రగతి నగర్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్). అక్కడి నుంచి అది ఫ్రాన్స్, అమెరికాల్లోని ప్రపంచ కేంద్రాలకు చేరుతుంది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

ఆ డేటాకు రెండు దశలున్నాయి. ఒక రోజులోపు వచ్చేది యంత్రం పైపైన పరీక్షించింది. ఆ తర్వాత నెలల తరబడి నిపుణులు కూర్చుని సరిచూసింది రెండోది. లవణత కొలిచే సెన్సర్ ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా తప్పు చూపడం మొదలుపెడుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఆ నీళ్లు ఎలా ఉంటాయో ముందే తెలిసుండాలి. వానాకాలం చివర ఉత్తర బంగాళాఖాతంలో పై పొర ఒక్కసారిగా పలచబడుతుంది. గంగ, బ్రహ్మపుత్ర వరద నీళ్లు ఉప్పునీటి మీద తేలుతూ ఉండిపోతాయి. ఇక్కడి సముద్రం అలవాటు లేని కంటికి ఆ లవణత అంకె చూడగానే పరికరం చెడిపోయిందేమో అనిపిస్తుంది. అది నిజమైన మంచినీళ్ల పొర. కింది నీళ్లతో కలవకుండా పై వేడిని పట్టి ఉంచేదీ, తుపానుకు బలమిచ్చేదీ అదే. ఏది సెన్సర్ తప్పు, ఏది వరద నీరు అని విడదీసి చెప్పగలిగినవాళ్ల అవసరం ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్‌లోనూ ఉంటుంది, అమెరికాలోని బౌల్డర్‌లోనూ ఉంటుంది.

అందుకే నా మొదటి సలహా ఇది. ఒక్క డేటాను ఎంచుకుని దాని లోపాలతో సహా కంఠతా పట్టండి. అది ఆర్గో కావచ్చు, హిందూ మహాసముద్రంలో లంగరేసిన రామా బోయ్‌లు కావచ్చు, తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న ఎంఎస్‌టీ రాడార్ కావచ్చు. ఏ నెలలో ఏ పరికరం ఆగిపోయింది, ఎక్కడ సమయం భారత కాలంలో రాసి ఉంది, ఎక్కడ గ్రీన్‌విచ్‌లో ఉంది, ఇవన్నీ నోట్ చేసుకుని ఆ నోట్స్ అందరికీ కనిపించే చోట పెట్టండి. ఐదున్నర గంటల తేడా పట్టించుకోకపోతే పగటి ఎండ రాత్రి పడినట్టు కనిపిస్తుంది.

పైథాన్, నెట్‌సీడీఎఫ్ ఫైళ్లు, ఎక్స్‌ఆరే, సీడీఓ చేతికి వస్తే చాలా దూరం వెళ్లొచ్చు. ఇన్‌కాయిస్ ఆవరణలోనే యునెస్కో గుర్తింపు ఉన్న అంతర్జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. సముద్ర డేటా మీద అక్కడ తరచూ చిన్న కోర్సులు నడుస్తాయి, ఆఫ్రికా, ఆగ్నేయాసియా దేశాల నుంచీ వస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు ఆ ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. పక్క బెంచీలో కూర్చున్న శ్రీలంక అమ్మాయో కెన్యా అబ్బాయో రేపు మీతో కలిసి పేపరు రాయవచ్చు.

ఇక మెయిలు. "మీ పరిశోధన అంటే నాకెంతో ఆసక్తి, మీ దగ్గర అవకాశం ఇప్పించగలరు" అని మొదలయ్యే ఉత్తరాలు పెద్ద ప్రొఫెసర్లకు రోజూ వస్తాయి. మీరు చేసిన ఒక్క బొమ్మ, దానికింద ఒక్క ప్రశ్న పంపండి. ఉదాహరణకు, అమెరికాలోని వుడ్స్‌హోల్ సంస్థ 2014 డిసెంబరులో మన సాగర్ నిధి నౌక మీద నుంచి ఉత్తర బంగాళాఖాతంలో ఒక బోయ్ దించింది. ఆ కొలతల్ని దగ్గర్లో తేలిన ఆర్గో ఫ్లోట్‌తో మీరు పోల్చారనుకోండి. వాన పడిన మర్నాడు రెండింటి లవణతలో తేడా కనిపిస్తే ఆ గ్రాఫ్ పెట్టి, కారణం ఏమై ఉండొచ్చని అడగండి. పీహెచ్‌డీ అయి నాలుగైదేళ్లయినవాళ్లకు రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. రెండు వారాలు చూసి ఒకసారి గుర్తుచేయడంలో తప్పు లేదు. "గౌరవనీయులైన సార్" అంటూ నాలుగు లైన్లు రాయకపోతే మర్యాద కాదేమోనన్న జంకు మనవాళ్లలో ఉంటుంది. ఈ రంగంలో విషయానికి సూటిగా రావడమే మర్యాద.

జవాబు వచ్చి, కలిసి పనిచేద్దామన్న తర్వాతే అసలు జాగ్రత్త మొదలవుతుంది. డేటా ఎవరిది, ఎవరెవరి పేర్లు పేపరు మీద ఉంటాయి, మీ ప్రాజెక్టు ఒప్పందం ముగిశాక కూడా ఆ డేటా వాడుకునే హక్కు మీకుంటుందా, ఈ మూడూ పని మొదలుకాకముందే రాతలో ఉండాలి. ప్రాజెక్టు ఉద్యోగులకు మూడోది ప్రాణం. సర్కారీ సంస్థలో ఉంటే మీ ఆఫీసు అనుమతి లేకుండా ఫైలు బయటికి పంపకండి. విదేశీ నౌక మన సముద్ర ఆర్థిక మండలంలో (ఈఈజెడ్) పరిశోధన చేయాలంటే 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం కనీసం ఆరు నెలల ముందు వివరాలు ఇచ్చి మన దేశ అంగీకారం పొందాలి. ఈ గడువు తెలిసిన మనిషి బృందంలో ఒక్కరుంటే ఒక సీజన్ వృథా కాకుండా మిగులుతుంది.

పేర్ల గురించి ఇంకొంత చెప్పాలి. పథకం అంతా బయట తయారై వచ్చాక, ఇక్కడివాళ్లు అనుమతులు తెచ్చిపెట్టే మనుషులుగా మిగిలిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. నౌక మీద వాంతులు చేసుకుంటూ కూడా వించ్ దగ్గర నిలబడి కొలతలు తీసిన టెక్నీషియన్ పేరు కృతజ్ఞతల్లోకి కూడా రాకపోవడం ఇంకా బాధ. ప్రశ్న తయారయ్యే దశలోనే నోరు విప్పండి. మీరు తేగలిగినది ఏమిటో అప్పుడే చెప్పండి. సముద్రంలో బోయ్ కింద చేపలు చేరతాయి, వాటి కోసం పడవలు వస్తాయి, తాడు కట్టుకుంటాయి, సెన్సర్లు పోతాయి. హిందూ మహాసముద్రంలో బోయ్‌లకు ఇదో పెద్ద బెడద. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరంలో మత్స్యకారులతో వాళ్ల మాటల్లో కూర్చుని మాట్లాడగలగడం ఏ విదేశీ బృందానికీ లేని నైపుణ్యం. దాన్ని మీ బయోడేటాలో రాయండి.

ఆన్‌లైన్ సమావేశాల్లో వేళల గొడవ తప్పదు. మనకు రాత్రి 7.30 అయితే పెర్త్‌లో పది, కొలరాడోలో తెల్లవారి ఏడో ఎనిమిదో. ఎప్పుడూ ఒకరే నిద్ర పోగొట్టుకోకుండా వేళలు మార్చమని అడగండి. మాట్లాడటానికి బెరుకైతే, సమావేశం సారాంశం రాసే బాధ్యత తీసుకోండి. ఎవరు ఏం చేస్తామన్నారో రాసి పంపే మనిషి మాటకు మూడో సమావేశానికల్లా బరువొస్తుంది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఈ రంగంలో మనవాళ్లు నిజంగా పొరుగున ఉన్నవాళ్లనే మరిచిపోతున్నారు. కాకినాడను తాకే తుపాను, బంగ్లాదేశ్‌లో కాక్స్‌బజార్‌ను తాకే తుపాను పుట్టేది ఒకే నీళ్లలో. ఉత్తర హిందూ మహాసముద్రపు తుపాన్లపై 13 దేశాలు ఒక వేదికగా పనిచేస్తాయి. 2020లో ప్రకటించిన 169 పేర్ల జాబితా ఆ దేశాలు ఇచ్చిందే. హెచ్చరికల కేంద్రం ఢిల్లీలో ఉంది. సునామీల విషయంలో ఇన్‌కాయిస్ 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేసియాలతో కలిసి హిందూ మహాసముద్ర దేశాలకు సమాచారం అందిస్తోంది. ఢాకాలోనో కొలంబోలోనో ఉన్న సహోద్యోగితో ఉప్పెన లెక్కలు సరిచూసుకునే పని, పెద్ద జర్నల్లో ఒక పేపరు కంటే మన తీరానికి ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. పదోన్నతి కమిటీలు లెక్కపెట్టేది పేపర్లనే కాబట్టి ఆ పనిని పేపరుగా కూడా రాసి పెట్టుకోండి.

1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఇక్కడివాళ్లతో కలిసి బంగాళాఖాతాన్ని అధ్యయనం చేశారు. అప్పుడు అలాంటి మనిషి స్వయంగా ఇక్కడికి రావాల్సి వచ్చింది. ఇప్పుడు ఇటలీలో ట్రియెస్టేలోని అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం (ఐసీటీపీ) కార్యశాలలు, ఐరాస సముద్ర దశాబ్దం కింద నడుస్తున్న యువ నిపుణుల బృందం మీ కంప్యూటర్ దాకా వచ్చి ఉన్నాయి.

చాలామందికి తెలియని ద్వారం మరొకటుంది. వాతావరణ మార్పుపై ఐరాస బృందం ఐపీసీసీ నివేదికలకు రచయితలను దేశాలు ప్రతిపాదిస్తాయి గానీ, ముసాయిదా సమీక్షకు సంబంధిత పరిజ్ఞానం ఉన్నవాళ్లు తామే నమోదు చేసుకోవచ్చు. ఏడో విడత నివేదికల పని ఇప్పుడు సాగుతోంది. మీ వ్యాఖ్య, దానికి రచయితలిచ్చిన జవాబు నివేదిక వెలువడ్డాక బహిరంగంగా పెడతారు. ముసాయిదా తెరిచి, ముందు హిందూ మహాసముద్రం గురించిన పేరాలు చదవండి. మీకు తెలిసిన కొలతకు సరిపడని వాక్యం ఏదైనా కనిపిస్తే, పేజీ నంబరూ లైను నంబరూ వేసి, ఆధారం చూపి రాయండి.