మిలాన్ కుర్చీ – మస్కట్ ఎండ

మేలైన గృహోపకరణాలకు పేరుగాంచిన దేశం ఇటలీ. మిలాన్ నగరానికి ఉత్తరాన గల బ్రియాంజా ప్రాంతంలో కాంతూ, లిస్సోనె, మేదా వంటి పట్టణాలు తరతరాలుగా వడ్రంగానికి నిలయాలు. 1961లో మిలాన్‌లో ఆరంభమైన 'సలోనే దెల్ మొబిలె' అనే ఫర్నిచర్ ప్రదర్శన నేడు జగత్ప్రసిద్ధం. అందువల్లనే డిజైన్ విద్యార్థులకు ఇటలీ కర్మాగారాల సందర్శనం ఒక తీర్థయాత్ర వంటిది. ఒమాన్‌లోనూ గృహాలంకరణ, భవన నిర్మాణ శిల్పం బోధించే కళాశాలలు ఉన్నాయి. వైద్యం, ఇంజనీరింగు తప్ప మరొక చదువు లేదనుకొనే మన కుటుంబాలలోనూ ఈ విద్యను కోరే పిల్లలు ఉంటారు.

అట్టి విద్యార్థి ఇటలీ కర్మాగారంలో ఏమి చూడాలి? రూపం, రంగు, నగిషీ వాటంతట అవే కంటికి కనబడతాయి. కనబడనిది పదార్థ స్వభావం. మిలాన్‌లో తయారైన వస్తువు అక్కడి వాతావరణంలో పరీక్షకు నిలుస్తుంది. మస్కట్ చేరిన తరువాత దానికి వేరొక పరీక్ష ఎదురవుతుంది. వేసవిలో ఇక్కడ నీడలోనే 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సామాన్యం. సముద్రతీరపు తేమ ఒకవంక, ఎయిర్ కండిషనర్ వల్ల గదిలో ఏర్పడే పొడిదనం మరొకవంక. ఈ భేదం వల్ల కలిగే ఫలితాలను చెక్క, ప్లాస్టిక్, జిగురు అనే మూడు పదార్థాలలో పరిశీలించవచ్చు.

చెక్క: ఊపిరి పీల్చే పదార్థం

వానకాలంలో తలుపులు బిగుసుకుపోవడం తెలుగునాట అందరికీ అనుభవమే. చెక్కలోని సెల్యులోజ్ అణువులు గాలిలోని తేమను గ్రహించి ఉబ్బుతాయి. గాలి పొడిబారితే ఆ తేమను విడిచి కుంచించుకుపోతాయి. ఈ మార్పు ఈనె వెంబడి అత్యల్పం, ఈనెకు అడ్డంగా అధికం. ఇళ్ళలో వాడే ఫర్నిచర్‌కు చెక్కలోని తేమ సుమారు 8 నుండి 10 శాతం వరకు ఉండేట్లు ఆరబెడతారు. కాని గాలిలో సాపేక్ష ఆర్ద్రత 80 శాతం ఉన్నచోట చెక్క తేమ 16 శాతానికి చేరుతుంది. అప్పుడు ఒక మీటరు వెడల్పు గల టేకు పలక సైతం పది మిల్లీమీటర్ల వరకు పెరగగలదు. నలువైపులా మేకులతో బిగించి ఉంటే అది వంగుతుంది, లేదా పగులుతుంది.

ఒమాన్‌లో కలప వృక్షాలు అరుదు. పూర్వం సూర్ రేవులో నావలు కట్టినవారు మలబారు తీరం నుండి టేకు తెప్పించుకొనేవారు. ఇత్తడి మేకులతో, రేకులతో అలంకరించిన 'మందూస్' పెట్టెలకు కూడ టేకు, రోజ్‌వుడ్ వంటి దిగుమతి కలపనే వాడారు. చట్రంలో గాడి తీసి, పలకను జిగురు లేకుండా వదులుగా అమర్చే పద్ధతి అనేక దేశాల వడ్రంగులకు అనుభవంతో అబ్బినది. పలక కదలడానికి చోటు విడవడమే దాని మర్మం. ఇటలీ బల్లను చూచే విద్యార్థి మొదట వెదకవలసినది ఈ చోటునే.

ప్లాస్టిక్: మిలాన్‌లో పుట్టినది, సొహార్‌లో తయారగునది

1954 మార్చిలో మిలాన్ పాలిటెక్నిక్ ఆచార్యుడు జూలియో నత్తా ప్రొపిలీన్ వాయువు నుండి క్రమబద్ధమైన అమరిక గల పాలీప్రొపిలీన్‌ను రూపొందించాడు. ఇందుకు తోడ్పడిన ఉత్ప్రేరకాలకు మూలపురుషుడైన కార్ల్ జీగ్లర్‌తో కలిసి 1963లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానం పొందాడు. నత్తా వద్ద చదివిన రసాయన ఇంజనీరు జూలియో కస్తెల్లి 1949లో స్థాపించిన 'కార్తెల్' సంస్థ ప్లాస్టిక్ కుర్చీలకు ప్రఖ్యాతి గాంచింది. 1964లో మార్కో జనూసో, రిచర్డ్ సాపర్ ఆ సంస్థకు పాలీఎథిలీన్‌తో పిల్లల కుర్చీని రూపొందించారు. మిలాన్ సమీపాన నొవీలియోలో ఉన్న ఆ సంస్థ మ్యూజియంలో ఈ చరిత్రను చూడవచ్చు. రసాయన శాస్త్రజ్ఞుడు, డిజైనర్ ఒకరి భాష ఒకరు ఎరిగి ఉండడమే ఇటలీ విజయానికి ఒక ముఖ్య కారణం.

నేడు ఒమాన్‌లోని సొహార్ రేవు వద్ద పాలీప్రొపిలీన్ గుళికలు తయారవుతున్నాయి. అయితే ఈ పదార్థానికి ఒక బలహీనత ఉంది. దాని అణుశృంఖలలో ప్రతి రెండవ కర్బన పరమాణువుకు అంటిన హైడ్రోజన్ సులువుగా ఊడిపోతుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు, వేడి, ఆక్సిజన్ కలిసి ఆ చోటనే దాడి చేసి శృంఖలను తెంచుతాయి. మిద్దెమీద విడిచిన కుర్చీపై తెల్లని పొడి లేచి, కాళ్ళు పుటుక్కున విరగడానికి కారణం ఇదే. తగు పాళ్ళలో కాంతి నిరోధకాలను కలిపితే ఆయుర్దాయం ఎన్నోరెట్లు పెరుగుతుంది. రెండు కుర్చీలు చూపునకు ఒక్కటే; లోపలి మిశ్రమం వేరు.

జిగురు: కంటికి కనబడని ప్రమాదం

కుర్చీ విరిగితే తెలుస్తుంది. జిగురు సంగతి అట్లా కాదు. నేటి బీరువాలు, మంచాలు, వంటింటి అరలు అధికభాగం పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. పలకలతో చేసినవే. చెక్క పొట్టును, నారను కలిపి పట్టి ఉంచేది ప్రధానంగా యూరియా–ఫార్మాల్డిహైడ్ జిగురు. సూర్‌లో భారత–ఒమాన్ సంయుక్త సంస్థ తయారుచేసే యూరియా ఏళ్ళ తరబడి భారతదేశపు రైతులకు ఎరువుగా చేరింది. అదే యూరియా ఈ జిగురుకు కూడ ముడిపదార్థం. చౌకగా, త్వరగా గట్టిపడడం దీని సుగుణం. తేమ తగిలితే రసాయన బంధాలు కొద్దికొద్దిగా విడిపోయి ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడడం దీని దుర్గుణం.

ఈ వాయువు కన్నులను, గొంతును మండిస్తుంది. 2004లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ దీనిని మానవులలో కేన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఇంటిలోపలి గాలిలో ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించింది. ఇది అరగంట సగటు. ఇటలీ 2008లో తన పలకలకు 0.124 మిల్లీగ్రాముల పరిమితిని చట్టంగా చేసింది. 2023లో ఐరోపా సమాఖ్య ఫర్నిచర్‌కు 0.062 మిల్లీగ్రాముల కొత్త పరిమితిని నిర్ణయించి, 2026 ఆగస్టును గడువుగా పెట్టింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఇటలీ, ఐరోపా సమాఖ్యల అంకెలు పరీక్షాగదిలో 23 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద, 45 శాతం ఆర్ద్రతలో, గంటకు ఒకసారి గాలి పూర్తిగా మారే స్థితిలో కొలిచినవి. ఉష్ణోగ్రత ఏడెనిమిది డిగ్రీలు పెరిగితే ఈ వాయువు సుమారు రెట్టింపు అవుతుంది. అంటే 37 డిగ్రీల వద్ద దాదాపు నాలుగింతలు. వేసవి సెలవులకు స్వదేశం వెళ్ళే కుటుంబం ఎయిర్ కండిషనర్ ఆపి, కిటికీలు బిగించి, తాళం వేసి వెళుతుంది. లోపల వేడి పెరుగుతుంది, గాలి మారదు. తిరిగివచ్చి తలుపు తీయగానే ఘాటైన వాసనతో కన్నులు చెమ్మగిల్లితే దానికి ముక్కిపోయిన గాలి ఒక్కటే కారణం కాకపోవచ్చు. పరీక్షలో నెగ్గిన పలక సైతం ఈ స్థితిలో సురక్షిత పరిమితిని మించగలదు. ఇందులో తయారీదారుని మోసం లేదు. ఆ ముద్ర మరొక వాతావరణానికి వేసినది, అంతే.

అడుగవలసిన ప్రశ్నలు

కాబట్టి ఒమాన్ నుండి వెళ్ళే విద్యార్థి కర్మాగారంలో ఈ ప్రశ్నలు అడగడం ఉచితం. పలకలో వాడిన జిగురు ఏది? ఫార్మాల్డిహైడ్ లేని ఐసోసయనేట్ జిగురు వాడారా? అంచులన్నీ, మేకుల కోసం తొలిచిన రంధ్రాలతో సహా, మూసి ఉన్నాయా? ఏలయనగా కోసిన అంచు నుండియే వాయువు అధికంగా వెలువడుతుంది. ప్లాస్టిక్‌లో కాంతి నిరోధకం కలదా? చెక్క కదలికకు చోటు విడిచారా? వియదానా పట్టణంలోని సవియోలా సంస్థ వాడిపారవేసిన చెక్కతో పలకలు చేస్తూ, జిగురును కూడ తానే తయారుచేసుకుంటుంది. జిగురు చేసేవారు, పలక చేసేవారు ఒక్కరే అయినచోట ఇట్టి ప్రశ్నలకు సమాధానం సులభంగా దొరుకుతుంది.

గృహస్థులు చేయదగినది కూడ ఉంది. కొత్త బీరువాను పసిపిల్లల గదిలో పెట్టకముందు కొన్ని వారాలు గాలి ఆడేచోట తలుపులు తెరచి ఉంచడం, వడ్రంగి కోసిన అంచులకు పట్టీ అంటింపజేయడం, సెలవుల నుండి తిరిగి రాగానే పిల్లలను లోపలికి పంపక ముందే కిటికీలన్నీ తెరచి గాలి పూర్తిగా మారనివ్వడం, ఆ తరువాతనే ఎయిర్ కండిషనర్ వేయడం. వీటికి ఖర్చు స్వల్పం, ఫలం అధికం.

ఇటలీ నుండి విద్యార్థి తీసుకొని రాగలిగిన ఉత్తమమైన కానుక ఒక కుర్చీ చిత్రం కాదు. ఈ వస్తువు మన ఇంటిలో, మన ఎండలో, మన పిల్లల ఊపిరికి ఎట్లా ఉంటుందని ప్రశ్నించే అలవాటు.