వైఫై గుర్తు నిండుగా ఉంది, నెట్ మాత్రం రాదు. ఎందుకని?



సెలవులకు ఇంటికి పోయాక మనలో చాలామందికి ఫోనుతో పెద్ద పని పడుతుంది. పాలిటెక్నిక్‌కో, ఇంటర్ సీటుకో, స్కాలర్‌షిప్‌కో దరఖాస్తు నింపాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఫోటో తీసి ఎక్కించాలి. ఆఖరి తేదీ దాటితే ఏడాది పోయినట్టే. సరిగ్గా అప్పుడే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. నాన్న "ఫోను పాడయింది" అంటాడు. పక్కింటి అన్న "కనెక్షన్ మంచిది కాదు" అంటాడు. రోగం ఒకటి, మందు ఒకటి అయితే లాభం లేదు కదా! కొత్త ఫోను కొనేముందు ఓ పావుగంట నిదానంగా వెతికితే లోపం ఎక్కడుందో మనకే తెలుస్తుంది. అదెలాగో చూద్దాం.

వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు

కొండ మీది ఊట నీళ్ళు ఊళ్ళోకి ఎలా వస్తాయి? ఊట దగ్గర నుంచి పైపులో దిగి ట్యాంకులో పడతాయి. ట్యాంకు నుంచి కుళాయికి వస్తాయి. కుళాయి ఎంత కొత్తదైనా పైన పైపు పగిలితే చుక్క రాదు.

నెట్ కూడా అంతే. ఫైబర్ అనే సన్నని గాజు పోగులో వెలుగు రూపంలో సమాచారం మన ఇంటి గోడకున్న పెట్టె దాకా వస్తుంది. ఆ పెట్టే రౌటర్. (కొన్ని ఇళ్ళలో ఫైబర్ పెట్టె, రౌటర్ విడివిడిగా ఉంటాయి.) రౌటర్ నుంచి ఫోను దాకా తీగ ఉండదు, రేడియో తరంగాలే. ఈ చివరి ముక్క పేరే వైఫై. ఫోను మీద విసనకర్రలా కనిపించే గుర్తు ఈ చివరి ముక్క సంగతి మాత్రమే చెబుతుంది. పైన పైపు తెగిన సంగతి దానికి తెలియదు. అందుకే గుర్తు నిండుగా ఉన్నా నెట్ రాకపోవచ్చు.

ముందు మూడు పరీక్షలు

1. అదే చోట, అదే వైఫైకి ఇంకొకరి ఫోను కలిపి చూడండి.
2. మీ ఫోను తీసుకుని రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో నిలబడి చూడండి.
3. వైఫై ఆపి, సిమ్ కార్డు నెట్‌తో అదే పేజీ తెరవండి. మిగతావన్నీ తెరుచుకుని ఆ ఒక్క పేజీయే రాకపోతే, తప్పు మన ఇంట్లో లేదు. ఆఖరి రోజుల్లో అందరూ ఒకేసారి తెరిస్తే ఆ వెబ్‌సైటే మొరాయిస్తుంది.

ఇప్పుడు ఫలితాన్ని బట్టి కింద చూడండి.

ఎవరి ఫోనుకూ రాకపోతే

రౌటర్ మీద దీపాలు చూడండి. ఎల్.ఓ.ఎస్. అని ఇంగ్లీషు అక్షరాలున్న దీపం ఎర్రగా వెలిగితే ఫైబర్‌లో వెలుగు అందడం లేదని అర్థం. ఇక ఫోనులో ఎన్ని సెట్టింగులు మార్చినా వృథా. ఫైబర్ తీగ ఎక్కడైనా మడత పడిందా, మంచం కోడు కింద నలిగిందా అని పైపైన చూడండి. దాన్ని ఊడదీయవద్దు. తీగ కొసలోకి కన్ను పెట్టి చూడవద్దు. అందులోని వెలుగు కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు. కనెక్షన్ ఇచ్చినవారికి ఫోను చేసి "ఎల్.ఓ.ఎస్. దీపం ఎర్రగా ఉంది" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో వాళ్ళకు సగం సంగతి తెలిసిపోతుంది.

ఎర్ర దీపం లేకపోతే రౌటర్ స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్ళీ వేయండి. అది పూర్తిగా లేవడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, తొందరపడవద్దు. కరెంటు ప్లగ్ వదులుగా ఉందేమో కూడా చూడండి. వెనకాల పిన్నుతో నొక్కే చిన్న రంధ్రం జోలికి మాత్రం పోవద్దు. అది నొక్కితే లోపల రాసిపెట్టిన వివరాలన్నీ చెరిగిపోతాయి.

దగ్గర వచ్చి, దూరంలో రాకపోతే

ఫోను మంచిదే, రౌటర్ మంచిదే. మధ్యలో అడ్డం ఉంది. లోహం రేడియో తరంగాలను వెనక్కి కొడుతుంది. ఇనప బీరువా వెనక, రేకు గోడ చాటున రౌటర్ పెడితే అవతలి గదికి తరంగం అందదు. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టించండి.

చాలా రౌటర్లు రెండు రకాల తరంగాలు పంపుతాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. సైన్సు పాఠంలో చదివిన సూత్రంతో లెక్క కడితే మొదటిదాని తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, రెండోదానిది 6 సెంటీమీటర్లు. మొదటిది నెమ్మదైనా గోడలు దాటి దూరం పోతుంది. రెండోది వేగమైనది గానీ గోడలకు త్వరగా బలహీనపడుతుంది. వైఫై జాబితాలో మీ ఇంటి పేరు రెండుసార్లు ఉండి, ఒకదాని చివర 5 అని ఉంటే, దూరపు గదిలో రెండో పేరు ఎంచుకోండి.

ఒక్క మీ ఫోనుకే రాకపోతే

ఈ వరసలోనే చేయండి.
1. వైఫై ఆపి వేయండి. కుదరకపోతే ఫోను ఆపి వేయండి.
2. తేదీ, టైము సరిగా ఉన్నాయా? తేదీ తప్పుంటే భద్రత గల పేజీలు తెరుచుకోవు.
3. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు ఆపి చూడండి.
4. ఆ వైఫై పేరును ఫోనులోంచి తీసేసి, పాస్‌వర్డ్ కొట్టి మళ్ళీ కలపండి. పాస్‌వర్డ్ ముందే అడిగి రాసుకోండి.
5. అన్నీ అయ్యాక, చివరగా నెట్‌వర్క్ సెట్టింగులను మొదటికి తేవాలి. ఫోటోలు పోవు గానీ దాచిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏ మందుకు రోగం తగ్గిందో తెలియదు. రేపు మళ్ళీ వస్తే మళ్ళీ మొదటికే!

ముఖ్య గమనిక: ఫీజు కట్టేటప్పుడు నెట్ పోతే వెంటనే రెండోసారి కట్టవద్దు. ముందు ఖాతాలో డబ్బు తెగిందో లేదో చూసుకోండి. దరఖాస్తు ఆఖరి రోజు దాకా ఉంచవద్దు. నాలుగు రోజుల ముందు నెట్ పోతే బాగుచేయించుకోవచ్చు. ఆఖరి రాత్రి పోతే సీటే పోతుంది.

మీరే చెప్పండి
అ) వంటింట్లో నెట్ రాదు, రౌటర్ దగ్గర వస్తుంది. ఏం చేస్తారు?
ఆ) ఇంట్లో మూడు ఫోనుల్లోనూ గుర్తు నిండుగా ఉంది, ఎందులోనూ నెట్ రాదు. మొదట ఏం చూస్తారు?

జవాబులు చీటీ మీద రాసి పత్రిక కింది డబ్బాలో వేయండి.