కారు క్లచ్ ఎన్ని కిలోమీటర్లు వస్తుంది? మార్చే ముందు ఈ చెక్స్ చేయండి

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు చాలామంది ఓడోమీటర్ చూసి క్లచ్ కండిషన్ అంచనా వేస్తారు. ఫోన్ ఎన్నేళ్ల పాతదో చూసి బ్యాటరీ హెల్త్ చెప్పేయడం లాంటిదే ఇది. బ్యాటరీకి ఛార్జ్ సైకిల్స్ ఎంత ముఖ్యమో, క్లచ్‌కి అది ఎంతసేపు స్లిప్ అయిందన్నది అంత ముఖ్యం.

అసలు ఎక్కడ అరుగుతుంది?

ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీల్‌కీ, ప్రెజర్ ప్లేట్‌కీ మధ్య క్లచ్ ప్లేట్ ఉంటుంది. పెడల్ పూర్తిగా వదిలితే మూడూ కలిసి తిరుగుతాయి. పూర్తిగా తొక్కితే ప్లేట్ విడిపోతుంది. అరుగుదల అంతా ఈ రెండింటి మధ్య, అంటే హాఫ్ క్లచ్‌లోనే. అందుకే హైవే మీద తిరిగిన కారుకి లక్ష కిలోమీటర్లు దాటినా క్లచ్ బాగుండొచ్చు. రోజూ హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో పాకే కారుకి 50 వేలకే అయిపోవచ్చు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్‌తో కారు ఆపడం, నడుపుతూ పెడల్ మీదే కాలు ఉంచడం మానేయండి. ఏఎంటీ కార్లలో పెడల్ లేకపోయినా క్లచ్ ఉంటుంది. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో కారుని నిలబెడితే అదీ అరుగుతుంది.

ఎలా టెస్ట్ చేయాలి?

ఖాళీ రోడ్డు మీద 4వ గేర్‌లో, గంటకు 40-50 కిలోమీటర్ల స్పీడ్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ఒక్కసారిగా పెరిగి, స్పీడ్ మాత్రం పెరగకపోతే క్లచ్ స్లిప్ అవుతున్నట్టే. కాలిన వాసన కూడా వస్తే ఇక ఆలస్యం చేయొద్దు.

అన్నిటికీ క్లచ్ ప్లేటే కారణమా?

కాదు. ఇక్కడే అనవసరంగా డబ్బులు పోతాయి.

- గేర్ గట్టిగా పడుతుంటే: ముందు కేబుల్ అడ్జస్ట్‌మెంట్, హైడ్రాలిక్ అయితే ఫ్లూయిడ్ లెవెల్, లీకేజీ చూపించండి.
- పెడల్ తొక్కినప్పుడే శబ్దం వస్తుంటే: రిలీజ్ బేరింగ్ మీద అనుమానం పడాలి.
- బండి కదిలేటప్పుడు వణుకుతుంటే: ప్లేట్‌కి ఆయిల్ అంటిందేమో, ఇంజిన్ మౌంట్ పోయిందేమో చూడాలి.

మార్చాల్సి వస్తే?

ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ సెట్‌గా మార్పించండి. గేర్‌బాక్స్ దించడమే పెద్ద పని కాబట్టి, ఒక్క ప్లేట్ వేయించి కొన్నాళ్లకి బేరింగ్ పోతే లేబర్ ఛార్జీ మళ్లీ కట్టాలి. స్లిప్ అవుతున్నా అలాగే నడిపితే వేడికి ఫ్లైవీల్ కూడా పాడవుతుంది. కొన్ని డీజిల్ కార్లలో ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అయితే బిల్లు చాలా పెరుగుతుంది.

ఇక పాత కారు చూడటానికి వెళ్తే, రీడింగ్ తక్కువుందని ఈ టెస్ట్ మాత్రం వదిలేయకండి. స్లిప్ కనిపిస్తే క్లచ్ సెట్, లేబర్ ఖర్చు కనుక్కుని, అంతమేర తగ్గించమని అడగండి.