చేతి కొవ్వు, నోటి పొర

పట్టునూలు ఉడకబెట్టువారికి ఒక సంగతి బాగుగా తెలియును. పురుగు తీసిన రెండు సన్నని పోగులను ఒక బంక అంటిపెట్టుకొని యుండును. సబ్బు, సోడా కలిపిన వేడినీటిలో ఆ బంక కరగిపోవును. బరువులో నాలుగవ వంతు దాకా తరుగును. నూలు మెత్తబడి మెరయును. నూలుకు అది మేలే. కాని కబ్బన్‌పేటయందైనను, యలహంకయందైనను అదే తొట్టిలో మన చేతులును మునుగుచున్నవి గదా! ఆ నీరు మన చర్మమునుండి తీయునది కొవ్వు.

చర్మముపై మృతకణముల పొర యొకటి కలదు. అరచేయి, అరికాలు తప్ప తక్కిన చోట్ల అది తలవెండ్రుక కంటె ఎంతో పలుచన. కణములు ఇటుకలనుకొన్నచో వాని నడుమ సున్నమువంటిది కొవ్వు. అందు సుమారు సగము సెరమైడ్లు, నాలుగవ వంతు కొలెస్టరాల్, మిగిలినది హెచ్చుగా కొవ్వు ఆమ్లములు. (కొలెస్టరాల్ అనగానే గుండెజబ్బే జ్ఞప్తికి వచ్చును, చర్మమునకు మాత్రము అది లేనిదే జరుగదు.) ఒంటిలోని నీరు ఆవిరియై పోకుండ, బయటి రంగులు, మందులు లోనికి చొరకుండ కాపాడునది ఈ కొవ్వే. సబ్బు దానిని కడిగివేయును. సోడా మరింత కీడు చేయును: చర్మము పైభాగము స్వభావముచే కొంచెము పులుపు గలది, ఆ పులుపులోనే కొత్త సెరమైడ్లు తయారగును. అందుచేతనే వ్రేళ్ల సందులు పగిలి, ఎన్నాళ్లకును మానవు.

రంగు వదలుటకు బ్లీచింగు పొడితోను, మరమగ్గపు జిడ్డు వదలుటకు కిరసనాయిలుతోను చేతులు కడుగుకొనుట పుండుపై కారము చల్లుటయే. రబ్బరు తొడుగులు వేసికొనవలెను. పని కాగానే మంచినీట కడిగి, తడి యారకముందే కొబ్బరినూనెగాని వాసలైన్‌గాని రాయవలెను. తిండిలోని నూనెకును ఇందు పాత్ర గలదు. 1929లో అమెరికాలో బర్ దంపతులు కొవ్వు లేని మేత పెట్టగా ఎలుకల చర్మము పొలుసులు కట్టెను. లినోలియిక్ ఆమ్లము చేర్చగా నయమయ్యెను. మన నువ్వులనూనె, వేరుసెనగనూనెలలో అది సమృద్ధిగా నున్నది.

ఇక నోటి మాట. అంగిలి, చిగుళ్లు కొంత గట్టివి. బుగ్గ లోపలి పొర, నాలుక క్రింది పొర అట్టివి కావు. అచ్చట సెరమైడ్లు తక్కువ. ఉన్న కొవ్వులు నీటితో పొత్తు కలుపునవి. గుండెనొప్పి మాత్రను నాలుక క్రింద నుంచినచో కొద్ది నిమిషములలో పని చేయుట ఇందువలననే. మందు పోవు దారిన విషమును పోవును. మగ్గము దిగువరకు బుగ్గన నొక్కియుంచిన తాంబూలమును తలచుకొనుడు: సున్నము పొరను కాల్చుచుండును, పొగాకు, వక్క సారము గంటల తరబడి లోనికి ఇంకుచుండును. పొగాకు లేని వక్కతాంబూలము సైతము క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించినది. "ఉత్త ఆకువక్కయే గదా" అను మాట ఇక చెల్లదు.

బుగ్గలో తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, కారము తగిలిన మంట, నోరు నానాటికి తక్కువగా తెరచుకొనుట, రెండు వారములైనను మానని పుండు — వీనిలో ఏది కనిపించినను జాగు చేయక దంతవైద్యునికి చూపవలెను. బెంగళూరులో 1973లో నెలకొన్న కిద్వాయి క్యాన్సరు ఆసుపత్రి హోసూరు రోడ్డున నున్నది.