మట్టిపై ముద్రణ

కాగితంపై బొమ్మను అచ్చు వేసే విద్యార్థికి ఫలితం ఆ క్షణంలోనే తెలుస్తుంది. కాగితాన్ని పైకెత్తగానే గీత చెదిరినదీ లేనిదీ, రంగు చిక్కగా పడినదీ లేనిదీ కంటికి కనిపిస్తుంది. మట్టిపాత్రపై అచ్చు వేసేవారికి ఆ వెసులుబాటు లేదు. పాత్ర బట్టీలో కాలిన తరువాతనే దాని అసలు రంగు బయటపడుతుంది. అందువల్ల సిరామిక్ ముద్రణను అభ్యసించే చిత్రకళా విద్యార్థులు ఎదుట ఉన్న రంగును కాక, రాబోయే రంగును చూడడం నేర్చుకోవాలి.

ఈ విద్య 18వ శతాబ్దపు ఇంగ్లండులో పరిశ్రమగా ఎదిగింది. అంతకుముందు పింగాణీపై బొమ్మలను ఒక్కొక్కటిగా కుంచెతో చిత్రించేవారు. 1756లో లివర్‌పూల్ నగరవాసులైన జాన్ శాడ్లర్, గై గ్రీన్ ఆరు గంటలలో 1,200కు పైగా టైల్స్‌పై బొమ్మలు అచ్చొత్తామని ప్రమాణపూర్వకంగా ప్రకటించారు. నూరుగురు నిపుణులు కూడా అంత వ్యవధిలో అంత పని చేయలేరన్నది ఆ ప్రకటనలోని గొప్ప. కుంచెనే నమ్ముకొన్నవారికి మాత్రం ఆ మాట పిడుగుపాటే అయివుంటుంది. 1784 ప్రాంతంలో స్టోక్ ఆన్ ట్రెంట్‌లో జోసయా స్పోడ్ నీలిరంగు ముద్రణను మెరుగుపరిచాడు. క్రమంగా సంపన్నుల భోజనశాలలకే పరిమితమైన చిత్రాల పళ్లేలు సామాన్యుల ఇళ్లకూ చేరాయి.

ఆ పాత పద్ధతిని ఓపికగా గమనిస్తే ఎన్నో సంగతులు బోధపడతాయి. మొదట రాగి రేకుపై బొమ్మను చెక్కుతారు. కోబాల్ట్ ఆక్సైడ్‌ను నూనెతో నూరి చిక్కని సిరా చేస్తారు. రేకును వేడిచేసి ఆ సిరాను గీతలలోనికి దట్టించి, మిగిలినదానిని తుడిచివేస్తారు. సబ్బునీటితో తడిపిన పలుచని కాగితాన్ని రేకుపై పరచి యంత్రంలో నొక్కితే బొమ్మ కాగితానికి అంటుకొంటుంది. ఆ కాగితాన్ని ఒకసారి కాల్చిన, ఇంకా గ్లేజు పూయని పాత్రపై బోర్లించి గట్టి కుచ్చుతో రుద్దుతారు. తరువాత నీటితో కాగితాన్ని కడిగివేస్తే నూనె సిరా మాత్రం మట్టిని పట్టుకొని నిలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కాగితపు ముద్రణలో రేకుపై అక్షరాలను తిరగవేసి చెక్కాలి. ఇక్కడ బొమ్మ కాగితంపై ఒకసారి, పాత్రపై మరొకసారి తిరగబడుతుంది కనుక సరిగానే చెక్కాలి. ముద్రణకళలో ఆరితేరిన విద్యార్థికి ఎన్నో ఏళ్ల అలవాటే ఇక్కడ అడ్డం వస్తుంది.

అచ్చు పడిన పాత్రను మళ్లీ కాల్చి నూనెను పోగొడతారు. దానిపై గ్లేజు పూస్తారు. ఆవకాయ జాడీకి నిగనిగలాడే మెరుపునిచ్చేది ఇటువంటి పూతే. చివరిసారి కాల్చినప్పుడు నల్లని కోబాల్ట్ నీలమై ప్రకాశిస్తుంది.

నేటి విద్యార్థులలో ఎక్కువమంది డెకాల్‌తో ప్రారంభిస్తారు. జిగురు పూసిన కాగితంపై సిరామిక్ రంగులతో స్క్రీన్ ప్రింట్ చేసి, దానిపై లక్క వంటి పొరను పూస్తారు. నీటిలో నాననిస్తే బొమ్మ పొరతో సహా కాగితాన్ని వదలి జారుతుంది. గ్లేజు పాత్రపై దానిని పరచి సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. పొర కింద గాలిబుడగ మిగిలితే బొమ్మలో ఆ మేరకు చిల్లు పడుతుంది. కొన్ని ఎరుపు రంగులు వేడి మితిమీరితే వెలవెలబోతాయి. అందుకే ప్రతి రంగునూ ముందుగా చిన్న మట్టి పలకలపై కాల్చి, వేడినీ వ్యవధినీ వాటి వెనుక రాసి ఉంచుకోవాలి. ఈ పని విసుగు పుట్టించేదే, కాని దీనికి దగ్గరిదారి లేదు. చేతిలో డబ్బు ఆడనివారికి మరొక ఉపాయం ఉన్నది. కొన్ని లేజర్ ప్రింటర్ల నల్ల టోనర్‌లో ఇనుప ఆక్సైడ్ ఉంటుంది. డెకాల్ కాగితంపై ఆ టోనర్‌తో ముద్రించి కాల్చితే పాత ఫోటోలను తలపించే గోధుమవర్ణం వస్తుంది.

ఒకే బొమ్మను వేలసార్లు అచ్చొత్తడం కళ ఎలా అవుతుందని ప్రశ్నించేవారు ఉన్నారు. బ్రిటిష్ కళాకారుడు పాల్ స్కాట్ కృషిని వారు చూడాలి. 1994లో సిరామిక్ ముద్రణపై గ్రంథాన్ని వెలువరించిన ఆయన, పాత నీలి పళ్లేల శైలినే స్వీకరించి నేటి ప్రకృతి దృశ్యాలను చిత్రించాడు. పచ్చిక బయళ్లు, చెట్లు, వంతెనలు ఉండే ఆ అందమైన దృశ్యాలలో అణువిద్యుత్ కేంద్రాలు నిలబడ్డాయి. దూరం నుండి చూసినవారికి అది అమ్మమ్మల కాలంనాటి పళ్లెంలాగే ఉంటుంది.