లెక్క కనిపించే కాలిక్యులేటర్

ఉద్యోగంలో జవాబు ఒక్కటే చాలదు, అదెలా వచ్చిందో అడిగినప్పుడు చూపించగలగాలి. అందుకు పనికొచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్లు, వాటిని వాడే పద్ధతి, పరీక్షల్లో పాటించాల్సిన జాగ్రత్తలు ఇవి.

అకౌంట్స్ అసిస్టెంట్ ఇంటర్వ్యూలో చిన్న పరీక్ష పెట్టారనుకోండి. కుర్చీ రూ.450 చొప్పున 12, స్టూలు రూ.275 చొప్పున 8. మొత్తం బిల్లు ఎంత? ఎదురుగా ఉన్న కంప్యూటర్‌లో విండోస్ కాలిక్యులేటర్ తెరిచి 450×12+275×8 అని వరసగా నొక్కితే 45,400 వస్తుంది. అసలు జవాబు 7,600.

తప్పు ఎక్కడ జరిగింది? ఆ కాలిక్యులేటర్ మామూలుగా స్టాండర్డ్ మోడ్‌లో ఉంటుంది. కొత్త గుర్తు నొక్కగానే అప్పటిదాకా ఉన్న లెక్కను తేల్చేస్తుంది. 5,400కు 275 కలిపి, వచ్చిన 5,675ను 8తో హెచ్చవేసింది. హెచ్చవేత ముందు, కూడిక తర్వాత అనే బోడ్‌మాస్ నియమంతో దానికి పని లేదు. దుకాణాల్లో వాడే చిన్న కాలిక్యులేటర్ల పద్ధతే ఇది. ఆల్ట్, 2 కలిపి నొక్కి సైంటిఫిక్ మోడ్‌కు మారి అదే లెక్క చేస్తే 7,600 వస్తుంది.

కాబట్టి కొత్త సాఫ్ట్‌వేర్ కోసం వెతికే ముందు చేతిలో ఉన్నదాన్ని తెలుసుకోండి. విండోస్ కాలిక్యులేటర్‌లో ప్రోగ్రామర్ మోడ్ ఉంది. బైనరీ, హెక్సాడెసిమల్ లెక్కలతో కుస్తీ పట్టే నెట్‌వర్కింగ్, ఎంబెడెడ్ విద్యార్థులకు అది బాగా పనికొస్తుంది. గ్రాఫ్‌లు గీసే మోడ్ ఉంది. రెండు తేదీల మధ్య ఎన్నేళ్లు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులో చెప్పే మోడ్ కూడా ఉంది. నోటిఫికేషన్‌లో ఇచ్చిన కటాఫ్ తేదీకి మీ వయసు పరిమితిలో ఉందో లేదో దాంతో క్షణంలో తేలిపోతుంది.

మరి వేరేది ఎందుకు?

బటన్లు నొక్కే కాలిక్యులేటర్‌లో పెద్ద లెక్క చేస్తున్నప్పుడు మధ్యలో ఒక అంకె తప్పు పడిందని తర్వాత గమనిస్తే మళ్లీ మొదటికి రావాల్సిందే. టైప్ చేసే కాలిక్యులేటర్‌లో లెక్క మొత్తం ఒక వరసలో కంటి ముందు ఉంటుంది. తప్పు పడిన అంకెను మాత్రమే దిద్దుకుంటే సరిపోతుంది. ఈ రకంలో చెప్పుకోదగ్గవి రెండు.

స్పీడ్‌క్రంచ్: ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. మౌస్‌తో పెద్దగా పని లేదు. ఐదు లక్షల అప్పు, ఏడాదికి 9 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుందాం. నెలకు వడ్డీ 0.75 శాతం, వాయిదాలు 60. అందులో ఇలా టైప్ చేస్తే చాలు:

500000*0.0075*1.0075^60/(1.0075^60-1)

ఎంటర్ నొక్కితే నెల వాయిదా రూ.10,379 అని తేలుతుంది. గడువు ఏడేళ్లయితే? పై బాణం మీట నొక్కితే పాత వరస తిరిగొస్తుంది. అందులో 60 ఉన్న రెండుచోట్లా 84 అని దిద్దితే వాయిదా రూ.8,045కు దిగుతుంది. రెండు లెక్కలూ ఒకదాని కింద ఒకటి ఉండిపోతాయి కాబట్టి మేనేజరుకు పోల్చి చూపించవచ్చు. సెషన్ మొత్తాన్ని ఫైలుగా భద్రపరచుకోవచ్చు కూడా.

దీనిలో అంకెలకు పేర్లు పెట్టుకునే వీలుంది. రియల్ ఎస్టేట్, సర్వే, బ్యాంకు రుణ విభాగాల్లో చేరేవారికి భూమి కొలతలు తప్పవు. ఎకరానికి 4,840 చదరపు గజాలు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు. గుంట అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి దానికి 121 అని, ఎకరం అని రాసి 4840 అని ఒకసారి చెప్పి ఉంచండి. తర్వాత రెండెకరాల పదమూడు గుంటలు ఎన్ని గజాలో కావాలంటే రెండు ఎకరాలు, పదమూడు గుంటలు అనే పేర్లతోనే లెక్క టైప్ చేయవచ్చు. 11,253 అని వస్తుంది. చూసేవారికి ఆ లెక్క దేని గురించో వేరే చెప్పక్కర్లేదు.

క్వాలిక్యులేట్: ఇదీ ఉచితమే. దీని బలం యూనిట్లు. 12 అడుగుల 6 అంగుళాలను మీటర్లలోకి మార్చమని టైప్ చేస్తే 3.81 అని చెబుతుంది. సమీకరణాలు సాధిస్తుంది, విదేశీ కరెన్సీ మారకం కూడా చూపిస్తుంది. అడుగుల్లో మాట్లాడే మేస్త్రీకి, మీటర్లలో ఉన్న డ్రాయింగుకు మధ్య నిలబడే సైట్ ఇంజినీరుకు దీని అవసరం ఎక్కువ. డిప్లొమా, బీటెక్ ల్యాబ్ రికార్డులకూ అక్కరకొస్తుంది.

శాతం మీటతో జాగ్రత్త

జీఎస్టీ 18 శాతంతో కలిపి బిల్లు రూ.1,180. పన్ను కలపక ముందు ధర ఎంత? చాలామంది 1,180 నుంచి 18 శాతం తీసేస్తారు. స్టాండర్డ్ మోడ్‌లోని శాతం మీట కూడా అడిగిన ప్రకారం తీసేసి 967.60 ఇస్తుంది. అది తప్పు. పన్ను వేసింది అసలు ధర మీద కాబట్టి 1,180ని 1.18తో భాగించాలి. ధర రూ.1,000, పన్ను రూ.180. శాతం మీటను నమ్ముకోకుండా 1180/1.18 అని రాయడం అలవాటు చేసుకుంటే మీ ఆలోచన సరైనదో కాదో పైవారికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఈమెయిల్‌లో మొత్తం పంపేటప్పుడు దాని కిందే లెక్క వరసను కూడా అతికించండి. తప్పు దొరికినా, పదినిమిషాల్లో సర్దుకునే తప్పుగానే మిగులుతుంది.

పరీక్షకు ఏది ఇస్తారో దానితోనే సాధన

ఇంట్లో ఎంత మంచి సాఫ్ట్‌వేర్ వాడినా పరీక్ష హాల్లో అది ఉండదు.

- గేట్: తెరపైనే సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఇస్తారు. సొంతది తీసుకెళ్లనివ్వరు. కీబోర్డు పనిచేయదు, ప్రతి అంకెనూ మౌస్‌తో నొక్కాలి. చివరి నెలల్లో మాక్ టెస్టులన్నీ అలాగే రాయండి.
- క్యాట్: తెరపై సాధారణ కాలిక్యులేటర్ మాత్రమే ఉంటుంది.
- జీఆర్ఈ: తెరపై కాలిక్యులేటర్ ఉంటుంది. అది బోడ్‌మాస్ క్రమాన్ని పాటిస్తుంది, విండోస్ స్టాండర్డ్ మోడ్‌కు అలవాటుపడినవారు గుర్తుంచుకోవాలి.
- సీఏ: సొంత కాలిక్యులేటర్ తీసుకెళ్లవచ్చు. 12 అంకెలు, ఆరు ఫంక్షన్లు, రెండు మెమొరీలకు మించకూడదు.
- జేఈఈ మెయిన్, ఈఏపీసెట్, ఎస్ఎస్‌సీ, బ్యాంకు పరీక్షలు: కాలిక్యులేటర్ ఉండదు. ఎక్కాలు, వర్గాలు, శాతాల చిట్కాలే దిక్కు. వీటికి చదువుతున్నవారు సాధన వేళ కంప్యూటర్‌లోని కాలిక్యులేటర్ జోలికి పోకపోవడమే మంచిది. జవాబు సరిచూసుకోవడానికి మాత్రం వాడండి.

ఆఫీసులో ఇన్‌స్టాల్ చేసే ముందు

కంపెనీ ల్యాప్‌టాప్‌లో మీ అంతట మీరు ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. ముందు ఐటీ విభాగాన్ని అడగండి. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే పోర్టబుల్ వెర్షన్‌కైనా ఇదే నియమం. అనుమతి రాకపోతే స్ప్రెడ్‌షీట్ ఉండనే ఉంది. ట్యాలీ ప్రైమ్‌లో పనిచేసేవారికి అందులోనే కాలిక్యులేటర్ ఉంది, కంట్రోల్, ఎన్ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది.

సొంత కంప్యూటర్‌లోకైతే ఆ సాఫ్ట్‌వేర్ అధికారిక సైటు నుంచే దించుకోండి. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనల మీద, పెద్దగా మెరిసే డౌన్‌లోడ్ బటన్ల మీద నొక్కితే అక్కర్లేని టూల్‌బార్లు, ఒక్కోసారి వైరస్‌లు కూడా వచ్చి పడతాయి. ఉచితం అన్నవన్నీ ఒకలాంటివి కావు. కొన్ని ఇంటి వాడకానికే ఉచితం, వ్యాపారానికి డబ్బు కట్టాలి. స్పీడ్‌క్రంచ్, క్వాలిక్యులేట్‌లు జీపీఎల్ లైసెన్స్ కింద వస్తాయి కాబట్టి ఆఫీసు పనికి కూడా వాడుకోవచ్చు.

కోడింగ్ విద్యార్థులకు

మినీ ప్రాజెక్టుగా కాలిక్యులేటర్ చేసేవారు ప్రతి కాలేజీలో ఉంటారు. నాలుగు బటన్లు అతికించి ఊరుకుంటే రెజ్యూమెకు విలువేమీ పెరగదు. టైప్ చేసిన వరసను చదివి, ఏది ముందు లెక్కించాలో నిర్ణయించే భాగం మీరే రాయండి. దీనికి ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1961లో ఇచ్చిన షంటింగ్ యార్డ్ పద్ధతి ఉంది. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ఇన్‌ఫిక్స్, పోస్ట్‌ఫిక్స్, స్టాక్ ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి. చదవడానికి అసలు కోడ్ కూడా దొరుకుతుంది. విండోస్ కాలిక్యులేటర్ సోర్స్ కోడ్‌ను మైక్రోసాఫ్ట్ 2019 మార్చిలో గిట్‌హబ్‌లో పెట్టింది. స్పీడ్‌క్రంచ్ కోడ్ సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది.

ఒక చిక్కు ప్రశ్నతో మొదలుపెట్టండి. -3^2 ఎంత? ఎక్సెల్ సెల్‌లో సమానం గుర్తు పెట్టి రాస్తే 9 వస్తుంది, స్పీడ్‌క్రంచ్‌లో -9. ఎక్సెల్ మైనస్‌ను 3కు ముందే అంటగడుతుంది, స్పీడ్‌క్రంచ్ వర్గం చేశాక పెడుతుంది. మీ ప్రోగ్రామ్ ఏది ఇవ్వాలో, ఎందుకివ్వాలో ముందే నిర్ణయించుకోండి. కాలిక్యులేటర్ ప్రాజెక్టేనా అని పెదవి విరిచే ఇంటర్వ్యూయర్‌కు ఆ కారణం వివరించగలిగితే, మిగతా ప్రశ్నలు మీ ప్రాజెక్టు మీదే సాగుతాయి.